దర్జీ అక్క గీసిన వక్రం

మొగుడు పోయి వారం తిరగకుండానే దర్జీ అక్క పదో తరగతి లెక్కల పరీక్షకు వెళ్ళింది. నలభై ఏళ్ళ వయసులో, పట్టుబట్టి ఆమె చేత ఫీజు కట్టించింది ఆయనే.

వర్గ సమాసానికి గ్రాఫు గీయమన్నారు. విలువలు వేసుకుని ఐదు చుక్కలు పెట్టింది. వక్రం అడ్డగీతను ఒకటి దగ్గరా, మూడు దగ్గరా దాటుతోంది. సరిగ్గా మధ్యన, రెండు దగ్గర, అట్టడుగున శీర్షం. దాని మీదుగా నిలువుగీత గీసింది. బట్టను సగానికి మడిచినట్టు రెండు పక్కలూ కుదిరాయి. చంక వంపులు గీసిన చెయ్యి కదా, వక్రం ఒక్క ఊపులో వచ్చేసింది. లోపల మాత్రం ఏమీ కదల్లేదు.

బయట చెల్లెలు కాచుకుని ఉంది. "ఎలా రాశావక్కా?"

"రాశాను. ఆకలేస్తోందే."

ఆ మాటకు చెల్లెలే ఏడ్చేసింది.

నెల తర్వాత పాసయ్యావని చెల్లెలు చెబితే, "సరే" అంటూ అక్క మిషను తొక్కుతూనే ఉంది.