విశ్వకర్మ పూజనాడు మా సిలికాన్

ఆ రోజుల్లో నేను కలకత్తాలో పరిశోధన వెలగబెడుతున్నానని మా వాళ్ళందరికీ తెలుసు. ఏం పరిశోధనో మాత్రం ఎవరికీ తెలియదు (నాకూ అంతంతమాత్రమే). గాలి తీసేసిన ఉక్కు డబ్బాలో సిలికాన్ పలకను ఎర్రగా కాల్చి శుభ్రం చేస్తే, పైనున్న పరమాణువులు తోడు లేక చేతులు చాచుకుని ఉంటాయి. అప్పుడు కాస్త బెంజీన్ వదిలితే వచ్చి ఆ చేతులు పట్టుకుంటుంది. ముందుగా ఇంకేదైనా చొరబడితే దాన్నే పట్టుకుంటాయి, వాటికి మంచీ చెడూ తెలియదు. ఖిదిర్‌పూర్ ఓడల డాక్‌లో క్రేను నడిపే మా నాన్నకు ఇదంతా చెబితే, "కంటికి కనబడతాదేటి?" అన్నాడు. డబ్బా లోపలి తెర మీద చుక్కలు వెలుగుతాయన్నాను. అప్పటికే ఆయన ఊపిరితిత్తులు పాడైపోయాయి, డాక్టరు మాతో సూటిగా మాట్లాడటం మానేశాడు. "పోయేలోగా ఓపాలి సూపించరా," అన్నాడు నాన్న.

యంత్రాలకూ పనిముట్లకూ పూజ చేసే విశ్వకర్మ పూజనాడు మా లాబ్‌లోకి ఇంటివాళ్ళనూ రానిచ్చేవారు. ఆ రోజు నాన్నకు చూపిద్దామని వారమంతా పంపులు ఆపకుండా నడిపి పలకను సిద్ధం చేశాను. నాన్న ఉతికిన పంచె కట్టుకుని, కుంకుమ పొట్లంతో వచ్చాడు. ఆయనకు టీ తెద్దామని వెళ్ళి వచ్చేసరికి గదిలో పంపుల చప్పుడు లేదు. నాన్న మెయిన్ స్విచ్ కట్టేసి, డబ్బాకు బొట్టు పెడుతున్నాడు. "పండగ పూట మిషన్ని ఆడిస్తారేట్రా? దానికి అలుపుండదేటి? డాక్‌లో ఇయ్యాల ఒక్క క్రేనూ కదల్దు!" అని నన్నే కోప్పడ్డాడు. గుమ్మంలో నిలబడ్డ మా లాబ్ బెంగాలీ మెకానిక్ దాదా "ఠిక్ కొరేఛేన్", సరిగ్గా చేశారు అంటూ ఆయన్ని మెచ్చుకున్నాడు కూడా. పంపులు ఆగేసరికి వాటి నూనె ఆవిరి డబ్బాలోకి ఎగబాకి నా సిలికాన్‌కు అంటుకుపోయి ఉంటుంది. మళ్ళీ సిద్ధం చేయాలంటే వారాలు కావాలి, ఆయన దగ్గర అన్ని వారాలు లేవు.

"ఇంక సూపించు," అంటూ నాన్న డబ్బాకున్న కిటికీ అద్దానికి కన్ను ఆనించాడు. లోపల చీకటి తప్ప ఏమీ లేదు. నేను టీ గ్లాసు పక్కన పెట్టి ఆయన భుజం పట్టుకున్నాను. ఆయన దగ్గు ఆపుకుంటూ చాలాసేపు చూశాడు. తర్వాత నా మొహం వంక చూసి, "కనబడ్డాయిరా. శానా బాగున్నాయి," అన్నాడు.

చలికాలం దాటకుండానే పోయాడు. పరామర్శకొచ్చిన డాక్ ముసలాయన ఒకడు, "మీ నాయిన ఎప్పుడూ నీ మిషన్ ఊసే, బాబూ. లోపల ఎర్రెర్రటి సుక్కలు దీపాలెట్టినట్టున్నాయని అందరికీ సెప్పేవోడు," అన్నాడు. ఆ చుక్కలు ఆకుపచ్చగా ఉంటాయి. ఎదుటివాడు చిన్న తప్పు మాట్లాడినా అక్కడికక్కడే దిద్దందే నిద్రపట్టని ఆనాటి నేను, కళ్ళు తుడుచుకుని, "అవును తాతా, ఎర్రగానే ఉంటాయి," అన్నాను. ఆ కుర్రవాడు అన్నేళ్ళ చదువులో చెప్పిన సరైన జవాబు అదొక్కటేనేమోనని ఇప్పుడు నవ్వుకుంటాను.