మావయ్యగారి బ్రేకు రబ్బర్లు

మొన్న కలకత్తా న్యూ టౌన్‌లోని మా ఫ్లాట్‌లో బట్టలుతికే మిషను కింద నీళ్లు కారుతుంటే మెకానిక్కుని పిలిపించాను. అతను తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఊడదీసి, "ఉబ్బిపోయింది మాసీమా, ఇక పనికిరాదు" అని బెంగాలీలో చెప్పి నా చేతిలో పెట్టాడు. మెత్తగా, జిగటగా, వానకు నానిన పుట్టగొడుగులా ఉంది. అది అరచేతిలో పడగానే విదిలించి పారేశాను. పాముకో, పిడుక్కో భయపడేవాళ్లుంటారు గాని, ఉబ్బిన రబ్బరుకు భయపడేదాన్ని ఈ ఊళ్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ భయం సంగతి చెప్పాలంటే మా మావయ్యగారి కారు గురించి చెప్పాలి.

అప్పట్లో మేం కలకత్తాకు గంగ అవతల, సంత్రాగాఛిలో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. మావయ్యగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయారు. క్వార్టరు రైల్వేలోనే చేరిన మా ఆయన పేరు మీదికి మారింది. ఆ రోజుల్లో కలకత్తా వీధుల్లో ఎటు చూసినా కనిపించే బొద్దు కారు ఒకటి, ఎవరో ఆఫీసరు వాడి వాడి వదిలేసినది, మావయ్యగారు కొన్నారు. దానికి ఇనుమంతా గట్టిదే. రబ్బరన్నది మాత్రం ఎక్కడికక్కడ ముసలిదైపోయింది. తలుపు రబ్బర్లు పగిలి వానాకాలంలో మా ఒళ్లోకి నీళ్లు కారేవి. అద్దాల రబ్బర్లు ఎండి, గతుకు వచ్చినప్పుడల్లా పళ్లు కొరికినట్టు చప్పుడు చేసేవి. ఆయన వాటిని ఏ షాపుకీ తీసుకెళ్లేవారు కాదు. పాత సైకిలు ట్యూబులు కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఊదుకుంటూ అతికించేవారు. ఒకసారి అత్తగారి కుక్కరు మూతకుండే రబ్బరు మాయమైంది. ఇల్లంతా వెతికాం. వారం పాటు ఉడకని పప్పు పలుకులు పలుకులుగా తిన్నాక తెలిసింది, అది కారు ముందు దీపం చుట్టూ చక్కగా అమరి ఉందని. "వానకి దీపం తడిసిపోతంది మరి" అన్నారాయన, పప్పుదే తప్పన్నట్టు.

పని చేసేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడితే ఆయనకు సంతోషం. ఎక్కువగా నేనే టీ గ్లాసుతో నిలబడేదాన్ని. చక్రాల దగ్గర, చిటికెన వేలి కొసకు తొడిగేటంత చిన్న గిన్నెల్లాంటి రబ్బర్లు ఉంటాయి. బ్రేకు తొక్కినప్పుడు లోపలి నూనె బయటికి కారకుండా పట్టి ఉంచేవి అవే. వాటిని చూపించి ఆయన ఎన్నిసార్లు చెప్పారో! "రబ్బరు పసిపిల్లలాటిదమ్మా. ఏది పోస్తే అది తాగీసి ఉబ్బిపోద్ది. దీనికి బ్రేకాయిలు తప్ప ఇంకేటీ సూపించకూడదు. కిరసనాయిలు తగిలిందా, మనిషి ప్రాణాలకే ముప్పు." వంటలో ఉప్పెంతో మరిచిపోయినా ఈ మాట మరిచిపోనంతగా నాకు అబ్బింది.

అందుకే ఆ ఆదివారం నేను చూసినది నాకు అర్థం కాలేదు. గార్డెన్ రీచ్‌లో మా ఆడపడుచు మరిది పెళ్లి ఉంది. దానికి అందరం కారులో వెళ్లాలని ఆయన ముచ్చట. పాత బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయని కొత్తవి తెచ్చుకుని, వాకిట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చున్నారు. టీ తీసుకుని వెళ్తే గుప్పున కిరసనాయిలు వాసన. ఇనుప సామాను కడుగుతున్నారనుకున్నాను. వంగి చూస్తే డబ్బాలో ఆ కొత్త రబ్బర్లే మునిగి ఉన్నాయి. వేలితో శ్రద్ధగా, బియ్యం కడిగినట్టు కడుగుతున్నారు.

"మావయ్యగారూ, వాటికి కిరసనాయిలు తగలకూడదన్నారు కదా?" అన్నాను.

ఆయన తలెత్తారు. కోప్పడి ఉంటే బాగుండేది. కోపం లేదు. నవ్వుతూ, "నానా? నానెప్పుడన్నానమ్మా?" అన్నారు.

ఎగతాళి కాదది. ఆ కళ్లల్లోకి చూస్తే, ఆ మాట తనదని ఆయనకు నిజంగా తెలియదు.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. "నాన్నకి బ్రేకులు నేర్పుతావా?" అని నవ్వేశారు. అత్తగారితో అంటే, వింటున్నట్టే విని, కొంగుతో ముఖం తుడుచుకుని, బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. పెళ్లినాటి మధ్యాహ్నం మా ఆయన డ్యూటీలో ఉన్నారు, సాయంత్రం నేరుగా అక్కడికే వస్తానన్నారు. బస్సులో వెళ్దామని నేను బతిమాలాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారుకు బంతిపూల దండ కట్టి, మావయ్యగారు తాళాలు గలగలలాడించారు. అత్తగారు ముందు సీట్లో కూర్చుంది. మా పాప అప్పటికే వెనక సీటెక్కి గంతులేస్తోంది. దాన్ని ఒక్కదాన్నీ పంపలేక నేనూ ఎక్కాను.

దారి పొడుగునా నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. శిబ్‌పూర్ రద్దీలో కారు బాగానే ఆగింది, నా ప్రాణం కాస్త కుదుటపడింది. కొత్త వంతెన దగ్గర టోలు గేటులో ఆగినప్పుడు మాత్రం ఏదో కాలుతున్న వాసన వచ్చింది. "లారీలదమ్మా" అన్నారు మావయ్యగారు. వంతెన ఎక్కాక గంగ మీది గాలికి పాప చప్పట్లు కొట్టింది. బండి మాత్రం ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బరువుగా నడుస్తోంది. నేను పాపను ఒళ్లోకి లాక్కుని, దాని తల నా గుండెకు అదుముకున్నాను. "ఊపిరాడట్లేదమ్మా" అన్నది. వదల్లేదు.

కలకత్తా వైపు దిగే దారి మెలిక తిరిగి కిందికి జారుతుంది. ఆ మెలికలో ముందు ఒక మినీబస్సు ఆగి ఉంది, దాని తలుపుకు మనుషులు వేలాడుతున్నారు. మావయ్యగారి మోకాలు కిందికి దిగడం వెనక నుంచి చూశాను. మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. కారు ఆగలేదు. వేలాడుతున్న ఒకతను వెనక్కి తిరిగి మావైపు చూశాడు. అతని నోరు తెరుచుకోవడం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

"గట్టిగా పట్టుకోండి" అన్నారాయన. ఆ గొంతులో తొణుకు లేదు. గేరు కిందికి లాగితే ఇంజను అరిచింది. ఇంకో గేరు లాగారు. ఒక చేత్తో హ్యాండుబ్రేకు మెల్లమెల్లగా ఎత్తుతూ, రెండో చేత్తో స్టీరింగు తిప్పి ముందు చక్రాన్ని రోడ్డు పక్క దిమ్మెకేసి రాపాడించారు. కారు చెవులు చిల్లులు పడేలా ఒరుసుకుంటూ, వణుకుతూ, మినీబస్సుకు చేతి దూరంలో ఆగింది. బంతిపూల దండ తెగి రోడ్డంతా చెదిరింది. మరిచిపోయింది ఆయన బుర్రే. ఆ చేతులు ఏదీ మరిచిపోలేదు.

జనం చుట్టూ మూగారు. "కీ హోలో దాదా?" అని ఏమైందో అడుగుతూ ఒకరు, మంచినీళ్లతో ఒకరు. కండక్టరు తిట్టడం మొదలుపెట్టి, వెనక సీట్లో పాపను చూసి ఆపేశాడు. మావయ్యగారు దిగి, పొగలు కక్కుతున్న చక్రం ముందు గొంతుక్కూర్చున్నారు. ఉబ్బిన రబ్బర్లు బ్రేకును వదలకుండా పట్టేసి, ఆ వేడికి పాడవడంతో చక్రం లోపలి నుంచి నూనె కారుతోంది. వేలితో అద్దుకుని వాసన చూశారు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"అమ్మా, నువ్వు సెప్పేవు కదూ, కిరసనాయిలని?"

"అవును మావయ్యగారూ."

"నువ్వు సెప్పడం గేపకం ఉంది. నాను కడిగినట్టు గేపకం నేదు." వేలికంటిన నూనెను ఇస్త్రీ చొక్కాకే తుడుచుకున్నారు. నా జీవితంలో ఆయన భయపడగా చూడడం అదే మొదలు. "మొన్న బజారు నుంచి ఇంటికి దారీ తెలీనేదమ్మా. మీ అత్తకి సెప్పకు. బెంగెట్టుకుంటాది."

సరేనన్నాను. ఆయన తాళాలు నా అరచేతిలో పెట్టేశారు, మళ్లీ అడగలేదు. టాక్సీలో పెళ్లికి వెళ్లాం, భోజనాలు చేశాం, అరటికాయ కూర బాగుందని ఆయనే అందరితో అన్నారు. మర్నాడు వంటింట్లో అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "ఆయన మరుపు సంగతి నాకెప్పుడో తెలుసే. మనకి తెలుసని ఆయనకి తెలీనీకు. సిన్నబోతారు" అంది. ఆ ఇంట్లో కొన్నేళ్లపాటు నా పని అదే, ఒకరి రహస్యం ఒకరికి తెలియకుండా కాపాడడం. ఇద్దరిదీ ఒకే రహస్యం.

కారు ఎవరో తీసుకుపోయారు. ఆయన ముందు వీధుల పేర్లు మరిచిపోయారు, తర్వాత మా పేర్లు. ఆఖరి రోజుల్లో నన్ను ఎవరో నర్సనుకుని "మీది ఏ ఊరమ్మా?" అని మర్యాదగా అడిగేవారు. రోజూ పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్లేటప్పుడు, ఇవాళ ఇంకేం పోయి ఉంటుందోనని గుమ్మంలోనే కాసేపు ఆగిపోయేదాన్ని. ఆయన పోయాక అత్తగారి కోసం అలాగే ఆగాను. ఇప్పుడు ఏ గుమ్మం ముందూ ఆగక్కర్లేదు. ధైర్యం వచ్చిందనుకుంటారు చూసినవాళ్లు. కాలం ఎవరికీ ధైర్యం ఇవ్వదు. మనం ఎవరి కోసం భయపడతామో వాళ్లను ఒక్కొక్కరినే తీసుకుపోతుంది, అంతే.