అడ్మిన్ అన్న ఇల్లు ఇదేనా?

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా చికెన్ కడిగి పెట్టి, ఉల్లిగడ్డలు కోస్తున్నాను. మా ఆయన ఓవర్‌టైం ఉందని పొద్దున్నే పటాన్‌చెరు కంపెనీకి వెళ్లిపోయాడు. అమ్మాయి తలస్నానం చేసి వెనక దండెం దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటోంది. పోతిరెడ్డిపల్లిలో మా గల్లీకి ఆదివారం పూట చుట్టాలు తప్ప ఎవరూ రారు. అందుకే గేటు ముందు రెండు బండ్లు ఆగితే చుట్టాలే అనుకుని కత్తిపీట పక్కకు జరిపి లేచాను.

చుట్టాలు కారు. ముగ్గురు మగవాళ్లు. ముందు నిలబడ్డతనికి ముప్పై ఏళ్లుంటాయి. అతని వెనక ఉన్నతను కుడిచేతికి లావుగా కట్టు కట్టుకుని, ఆ చేతిని గుండెకు ఆనించి పట్టుకున్నాడు. మూడో అబ్బాయి ఒడిశా నుంచి పనికి వచ్చినవాడట, తర్వాత తెలిసింది.

"నమస్తే మేడం. అడ్మిన్ అన్న ఇల్లు ఇదేనా?" అన్నాడు ముందున్నతను.

"ఏ అన్న?"

"అడ్మిన్ అన్న మేడం. గేమ్ టోర్నమెంట్లు పెడ్తడు గదా. జెర మాట్లాడేదుండె."

"గసుంటోళ్లెవరు లేరిక్కడ. మా ఇంట్ల మొగోళ్లంటే మా ఆయన ఒక్కడే. డ్యూటీకి పోయిండు."

అతను జేబులోంచి మడతపెట్టిన కొరియర్ కవరు తీసి చూపించాడు. పోయినసారి గెలిచినందుకు టీషర్టులు వచ్చిన కవరట. పంపినవారి చిరునామా మాదే. ఇంటి నంబరు, గల్లీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను కవరు మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూసింది నంబరు కోసం కాదు, రాత కోసం. ఎడమకు వాలే ఆ అక్షరాలను దిద్దించింది నేనే. టీచర్ని, వందమంది రాతల్లో ఉన్నా నా బిడ్డ రాత గుర్తుపడతాను.

ఎవడో మా అమ్మాయిని మోసం చేసి, మా చిరునామా వాడుకుంటున్నాడు. నాకు తోచింది అదొక్కటే. పేపర్లలో రోజూ చదువుతున్నవన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. గేటు తియ్యకుండానే అమ్మాయిని గట్టిగా పిలిచాను.

తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. కవరు చూసింది. కట్టు కట్టుకున్న చెయ్యి చూసింది.

"బొంతపల్లి టీమా మీరు?" అంది.

"అవు చెల్లే. నీకెట్ల ఎర్క? అన్న చెప్పిండా?"

"అన్న ఎవరు లేడు. అడ్మిన్ నేనే."

కట్టు కట్టుకున్నతను నా మొహం చూశాడు. నేను అతని మొహం చూశాను. మా ఇద్దరిలో ఎవరికి ఎక్కువ దిమ్మ తిరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

మా అమ్మాయి ఎలాంటిదో చెప్పాలి. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. చర్చిలో వాక్యం చదవమంటే గొంతు నొప్పి అంటుంది. డిగ్రీ అయ్యాక ఇంటి నుంచే ఏదో కంపెనీకి లెక్కలు ఎక్కించే పని చేస్తోంది. శని, ఆదివారాల్లో కూడా సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆఫీసువాళ్లు సెలవు కూడా ఇవ్వరా అని నేనే తిట్టుకునేదాన్ని. ఆ పిల్ల ముగ్గురు పరాయి మగవాళ్లతో, "లోపలికి రాండ్రి, ఎండల ఎందుకు?" అని గేటు తీసింది.

హాల్లో కూర్చోబెట్టింది. వాళ్లు సోఫా అంచుల మీద కూర్చున్నారు, ప్రిన్సిపల్ గదిలోకి పిలిపిస్తే పిల్లలు కూర్చున్నట్టు. నేను వంటింటికి పోలేక, కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. "ఏందిది బిడ్డా?" అని అడిగితే, అమ్మాయి నాకు రెండు ముక్కల్లో చెప్పింది. నలుగురు నలుగురు జట్టుగా ఫోన్లలో ఆడే తుపాకుల ఆట. సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల ఆడేవాళ్లంతా ఇంటర్నెట్లో ఒకచోట చేరారు. వాళ్లకు పోటీలు పెట్టేది ఈమె, ఇంకో ఇద్దరు అబ్బాయిలు. జట్ల పేర్లు రాసుకోవాలి. ఆట మొదలయ్యే ముందు ప్రతి కెప్టెన్ తన నలుగురూ ఉన్నారని హాజరు చెప్పాలి. అప్పుడు ఆట గది నంబరు, పాస్‌వర్డు ఇస్తారు. ఆడేటప్పుడు ఒకరు పైనుంచి కనిపెడతారు. ఎవరు ఎంతసేపు నిలిచారు, ఎంతమందిని కాల్చి దించారు అని మార్కులు వేస్తారు. దొంగాట ఆడితే విచారణ, శిక్ష.

"ఎంతమంది ఉంటరు?" అన్నాను.

"మీ స్కూల్లకన్న ఎక్కువనే అమ్మా."

అప్పుడిక కూర్చోకుండా ఉండలేకపోయాను. మా బడిలో పిల్లలను అదుపులో పెట్టడానికి అంతమంది టీచర్లం, హెడ్మాస్టరు, ఒక బెత్తం.

అమ్మాయి వాళ్లవైపు తిరిగింది. గొంతు పెరగలేదు గానీ మారింది. "మీ నాలుగో ప్లేయర్ ఎప్పుడు ఉరికి ముందలకు పోతడు. మొన్న దాసుకొని కూసుండి, ఒక్కొక్కళ్లను దింపిండు. అది ఆయన ఆట కాదు. అవతలి టీము కంప్లైంట్ ఇచ్చింది. చేతులు కనవడే వీడియో పంపమన్న. టైమిచ్చిన. పంపలే. తీసేసిన. ఇంకేం మాట్లాడాలె?"

ఆడేటప్పుడు పక్కన ఇంకో ఫోన్ పెట్టి వేళ్లు కనబడేలా వీడియో తీసుకోవాలట. ఆ ఫోన్ మీద ఆడింది ఆ మనిషేనని అదే సాక్ష్యం.

"వీడియో ఉన్నది," అన్నాడు గేటు దగ్గర మాట్లాడినతను, వాళ్ల కెప్టెన్.

"ఉంటె పంపకపోయిన్రా?"

"గ్రూపుల ఏసేది గాదు. అందుకే ఇల్లు దేవులాడుకుంట వచ్చినం. అన్నకు ఒక్కనికే చూపిద్దమని." అన్న అని నాలుక కరుచుకున్నాడు. ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు.

నేను లేచి అమ్మాయి భుజం మీంచి చూశాను. ఫోన్ మీద రెండు చేతులు. సన్నటి చేతులు. ఆకుపచ్చ గాజులు మోచేతి వైపు పైకి తోసి, చప్పుడు రాకుండా దస్తీతో కట్టేశారు. బొటనవేళ్లు ఎంత తొందరగా కదులుతున్నాయో, నాకు తెలిసిన ఏ పనిలోనూ వేళ్లు అలా కదలడం చూడలేదు. గోళ్ల చుట్టూ పసుపు అంటుకుని ఉంది.

"నా భార్య," అన్నాడు కట్టు కట్టుకున్నతను తల దించుకుని.

అమ్మాయి వీడియో చివరిదాకా చూసింది. మళ్లీ మొదటికి పెట్టి చూసింది. ఇప్పుడు షాక్ తినడం తన వంతు. "ఆమెనా ఆడింది?"

"నాకన్న మంచిగనే ఆడ్తది. నా వేళ్లు మిషిన్ల పడ్డయి. టీమ్ ఆగిపోతదని ఫోన్ ఆమె చేతికిచ్చిన."

"ముందుగాల చెప్తే సబ్‌స్టిట్యూట్ కింద ఆమె పేరు రాసుకుందును గదా?"

"ఆడిది ఆడ్తదంటె తక్కిన టీమ్‌లు ఊకుంటయా?" అన్నాడు కెప్టెన్. "గ్రూపుల ఏమేం రాస్తరో నీకు తెల్వదా?"

అమ్మాయి జవాబు చెప్పలేదు. నేనే అడిగాను, "ఇంతకు ఆమె ఏది?"

"కిరాణా దుకాణం కాడ నిలబడ్డది మేడం. ఎవలి ఇల్లో, ఎసుంటోళ్లో అని…"

"ఎండల నిలబెట్టొచ్చిన్రా? తోల్కరా పో."

ఒడిశా అబ్బాయి పరుగెత్తి తీసుకొచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. కొంగు భుజం చుట్టూ లాక్కుని, చెప్పులు బయట వరుసలో పెట్టి వచ్చింది. హాలంతా కలియజూసి, "అన్న ఏడి?" అంది మెల్లగా. మొగుడు మా అమ్మాయి వైపు చూపించాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చేతి కింద నుంచే నవ్వు వచ్చేసింది. పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ గదిలో నవ్వింది ఆమె ఒక్కతే.

నవ్వు ఆగాక అమ్మాయి పక్కనే కూర్చుంది. "నేను నా పేరు మీద ఆడొచ్చా?" అని అడిగింది.

"ఎవరు వద్దన్నరు అక్కా?"

"వద్దని ఎవ్వరనలే. రమ్మని గూడ ఎవ్వరనలే."

"సరే అక్కా. గని మొన్నటిది రూల్ తప్పే. వేరేటోళ్ల ఐడీ మీద ఆడుడు దొంగాటనే."

అప్పుడు కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "మరి నువ్వు? అన్న లెక్క ఎందుకున్నవు?"

"నేను అన్ననని ఎన్నడు చెప్పలే. మీరన్నరు. నేను కాదనలే."

"మేం గూడ గంతే. మొగోడు ఆడిండని మేం చెప్పలే. మీరనుకున్నరు."

ఇరవై ఏళ్లకు పైగా పిల్లల సాకులు వింటున్నాను. ఇంత గట్టి సాకు వినలేదు. కోపం కూడా వచ్చింది, మా ఇంట్లో కూర్చుని మా పిల్లను నిలదీస్తున్నాడని. అమ్మాయి తలకు చుట్టిన తువ్వాలు జారి తడిజుట్టు వీపు మీద పడింది. సర్దుకోలేదు కూడా.

ఫోన్ తీసి తోటి అడ్మిన్లిద్దరికీ కలిపి చేసింది. ఒకతను కొండాపూర్లో నాన్నతో కలిసి పొలం చూసుకుంటాడు, ఈమెతో డిగ్రీ చదివాడు. ఇంకొకతను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాడు. ఈమె ఆడపిల్లని తెలిసింది వాళ్లిద్దరికే. కెప్టెన్లతో మాట్లాడాల్సి వస్తే కొండాపూర్ అబ్బాయి మాట్లాడేవాడు. ఈమె టైపు చేసేది.

జరిగింది చెప్పి, "దీంట్ల నేను తీర్పు చెప్పను. నేను చేసింది గూడ గదే. మీరిద్దరే చూడుండ్రి," అంది.

వాళ్లు గట్టిగానే వాదించుకున్నారు. స్పీకర్లో అంతా విన్నాం. నేను టీ పెట్టి తెచ్చేలోపు తేల్చారు. ఆ ఒక్క ఆట మార్కులు రద్దు. జట్టును తీసెయ్యరు. ఇకనుంచి ఆ భార్య తన సొంత ఐడీతో, తన పేరుతో ఆడాలి. మొగుడి చెయ్యి నయమైతే అతను సబ్‌స్టిట్యూట్.

"నేను సబ్‌స్టిట్యూటా?" అన్నాడతను.

"నయమైతే సూద్దాం తియ్యి," అంది భార్య.

వాళ్లు వెళ్లాక ఉల్లిగడ్డల దగ్గర కూర్చున్నాను గానీ చెయ్యి కదల్లేదు. నా ఇంట్లో, నా గోడ అవతల ఇంత పెద్ద సంసారం నడుస్తుంటే నాకు జాడే తెలియలేదు. "ఎందుకు చెప్పలే బిడ్డా?" అన్నాను. "ఆటలా అని తిడ్తవని," అంది. తిట్టేదాన్నే. అది కూడా నిజం.

ఆ సాయంత్రమే ఆటలున్నాయి. హాజరు చెప్పే వేళకు అమ్మాయి నన్ను గదిలోకి పిలిచి మంచం మీద కూర్చోమంది. కంప్యూటర్లో కెప్టెన్ల పేర్లు వరసగా వెలుగుతున్నాయి. ఒక్కొక్కరి గొంతు వస్తోంది, "మా నలుగురం ఉన్నం" అని. అమ్మాయి మైకు నొక్కింది. గొంతు వణికింది.

"నేను అడ్మిన్ను. ఇన్ని దినాలు మీతోని టైపు చేసి మాట్లాడింది నేనే. ఈ దినం నుంచి నేనే మాట్లాడుత."

ఒక గొంతు, "అన్నా, నీ ఐడీ హ్యాక్ అయినట్టున్నది, చూస్కో," అంది. కొందరు నవ్వారు. కొండాపూర్ అబ్బాయి కల్పించుకుని, "హ్యాక్ గాలె. మొదటి సంది ఈమెనే," అన్నాడు.

ఆ తర్వాత తెర మీద రాతలు మొదలయ్యాయి. బడి గోడల మీద, బెంచీల మీద పిల్లలు రాసే బూతులు చెరిపించినదాన్ని, నాకేం కొత్త కాదనుకున్నాను. కానీ నా బిడ్డ ముందు, నా బిడ్డ గురించి, పేరు కూడా తెలియని మగాడు రాసినవి చదువుతూ సగంలోనే ఆపేశాను. మధ్యాహ్నం కెప్టెన్ మాటకు ఈ పిల్ల ఎందుకు జవాబు చెప్పలేదో అప్పుడు అర్థమైంది.

"బంద్ చెయ్ బిడ్డా. మనకొద్దు ఇది."

"జెర ఆగమ్మా." ఆ రాతలను ఫొటో తీసి పెట్టుకుంది. రాసినవాణ్ని తీసేసింది. ఇంకొకణ్ని తీసేసింది. రెండు మూడు జట్లు వాటంతటవే వెళ్లిపోయాయి. ఆమె వీపు నిటారుగానే ఉంది గానీ, బల్ల కింద కాళ్లు ఒకదాన్నొకటి గట్టిగా చుట్టుకున్నాయి. నాకు అవే కనబడుతున్నాయి.

అంతలో, బొంతపల్లి కెప్టెన్ కాదు, మాకెవరికీ తెలియని ఎవరో కెప్టెన్ విసుగ్గా అన్నాడు, "ఎవరైతేంది? టైమైతుంది. మల్ల నేను డ్యూటీకి పోవాలె. రూమ్ నంబరియ్యండ్రి."

"అవు, రూమ్ నంబర్," అన్నారు ఇంకొకరు. అలా ఒకరి తర్వాత ఒకరు. అమ్మాయి నంబరు, పాస్‌వర్డు చదివింది. రెండోసారి చదివేటప్పుడు గొంతు వణకలేదు.

మా ఆయన వచ్చి విషయం విని, టిఫిన్ డబ్బా చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. "మనింట్ల? మనమ్మాయి?" అని రెండుసార్లు అడిగాడు. అన్నం తినేటప్పుడు, "కంపెనీల మా లైన్ల పనిచేసే పిల్లలు గూడ ఆడుతరు. ఆళ్లు గూడ ఈమె చేతికిందనేనా?" అన్నాడు. ఆ వారమంతా వాళ్లతో గట్టిగా మాట్లాడటానికి జంకాడట.

పై వారం బొంతపల్లి ఆమె తన పేరు మీద మొదటిసారి ఆడింది. పైనుంచి చూసే తెరను అమ్మాయి నాకు కూడా చూపించింది. నేను కుర్చీ లాక్కుని ముందుకు వంగి కూర్చున్నాను. విమానంలోంచి దూకింది, ఒక పెంకుటింట్లోకి పరుగెత్తింది. తలుపు వెనక ఎవడో కూర్చుని ఉన్నాడు. అంతే. అందరికంటే ముందు ఆమే పోయింది. నేను "అయ్యో!" అని ఎంత గట్టిగా అరిచానంటే, మా ఆయన ఏమైందోనని బయటినుంచి పరుగెత్తుకొచ్చాడు.

ఆమె మాత్రం మైకులో, "గింత జల్దీనా!" అని పకపకా నవ్వింది. "సరే, పొయ్యి మీద పప్పున్నది. మీరాడుండ్రి."

"మల్ల ఆట ఎప్పుడు?" అని అడిగాను అమ్మాయిని.