మా కోడలి నిద్ర చార్టు

మా కోడలు రాత్రి డ్యూటీ నర్సు. ఊరంతా లేచి పళ్లు తోముకునే వేళకి ఇల్లు చేరుతుంది. తొమ్మిదింటికి పడుకుని మూడింటికి లేస్తుంది. పన్నెండేళ్లుగా ఇదే వరస. మా అబ్బాయి పొద్దున్నే ఆఫీసుకి పోతాడు కాబట్టి, పగలంతా ఇంట్లో నేనూ, నిద్రపోయే కోడలూనే. ఆ పిల్లకి కోపం రాదు. తనకి రావాల్సింది కూడా నాకే వస్తుంది.

పక్క ఫ్లాటు కొన్నాయన దాన్ని సెలవులకొచ్చే వాళ్లకి రెండ్రోజులు, మూడ్రోజుల చొప్పున అద్దెకివ్వడం మొదలెట్టాడు. ఏం చెప్పినా నవ్వుతాడు, అందుకే నేను నవ్వులబాబు అంటాను. మా గుమ్మం పక్క కమ్మీకి తాళంచెవుల డబ్బా ఒకటి బిగించాడు. అంకెలు తిప్పితే తెరుచుకుంటుందట. ఆ తిప్పడం చేతకానివాళ్లు మా బెల్లు కొట్టేవాళ్లు. పదింటికి ఒకళ్లు పోతారు, పదకొండింటికి పనమ్మాయి మంచాలు ఈడుస్తుంది, ఒంటిగంటకి ఇంకొకళ్లు చక్రాల పెట్టెలు గడగడలాడించుకుంటూ వస్తారు. మధ్యలో ఉన్నది పేరుకే గోడ. ఇవతల తుమ్మితే అవతలివాళ్లు 'చిరంజీవ' అనేటంత సన్నం.

వెళ్లి అడిగితే, "సెలవులకొచ్చినవాళ్లు పెద్దమ్మగారూ, మీరే కాస్త సర్దుకోవాలి" అని నవ్వాడు. సర్దుకోమని చెప్పేవాళ్లకి ఎప్పుడూ సర్దుకునే పని ఉండదు, గమనించారా?

అలా మూడు నెలలు. రోజుకి మూడు గంటల నిద్ర దొరికితే గొప్ప. ఒకరోజు పొద్దున పక్క ఫ్లాటు తలుపు ఓరగా తీసి ఉంది. మా కోడలు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, నిద్రమత్తులో మా ఇల్లే అనుకుని తిన్నగా అందులోకి నడిచింది. రెండిళ్లూ ఒకే అచ్చు. పడకగదిలోకి వెళ్తే మంచమ్మీద భారీ మనిషి ఒకాయన నిద్రపోతున్నాడు. ఇంకెవరైనా అయితే కెవ్వుమనేవాళ్లు. ఈ మహాతల్లి ఆయన మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. ఆయన కళ్లు తెరిచాడు. ఈవిడ లెక్క పూర్తయ్యేదాకా చెయ్యి వదల్లేదు. డెబ్బై రెండు. ఆ తర్వాత "నొప్పేమైనా ఉందా?" అని అడిగింది. అప్పుడు అరిచాడు ఆయన.

ఇంటికొచ్చి చెబితే నేను పొట్ట పట్టుకుని నవ్వాను. కోడలు మాత్రం తన మంచం చివర కూర్చుని చేతులు చూసుకుంటోంది.

"అత్తయ్యా, ఇవాళ ఇల్లు తప్పాను. రేపు వార్డులో మంచం తప్పితే? ఒకరి మందు ఇంకొకరికి ఎక్కిస్తే?"

నా నవ్వు ఎటు పోయిందో పోయింది. భయమేసింది నాకు.

మర్నాడు నవ్వులబాబు కాగితం పట్టుకొచ్చాడు. తప్పు నాదేననీ, ఇకమీదట చప్పుడు గురించి నోరెత్తననీ కోడలు సంతకం పెట్టాలట, లేకపోతే ఆస్పత్రికి రాస్తాడట. కోడలు నిదానంగా చదివి తిరిగిచ్చేసింది. "మీకు శ్రమెందుకండీ. నిన్న సాయంత్రమే నేను రాసిచ్చాను."

వాళ్ల వార్డులో ఒక పద్ధతుంది. తప్పు చేసినవాళ్లు ఇంకెవరూ చెప్పకముందే తమ చేత్తో పుస్తకంలో రాయాలి. రాసినవాళ్లని తిట్టరు, దాచినవాళ్లని ఉంచరు. అది చదివి వాళ్ల పెద్ద నర్సు అందట: "నెల రోజులు టైమిస్తున్నా. ఆరు గంటల నిద్ర చార్టులో చూపించు. లేదంటే ఐసీయూ నుంచి తీసి రికార్డుల గదిలో కూర్చోబెడతా."

ఆ ఐసీయూ కోసం ఎనిమిదేళ్లు ఎదురుచూసింది ఈ పిల్ల. మా అబ్బాయి, "రికార్డుల గదైతే పగటి డ్యూటీయేగా, హాయి" అన్నాడు. "మంచం పక్కన నిలబడ్డానికే నర్సునయ్యాను" అంది కోడలు.

రోగి మంచానికి తగిలించే చార్టు లాంటిదే రోజుకొకటి గీసి, అట్టకి బిగించి, మా గుమ్మం బయట వేలాడదీసింది. ఎంతసేపు నిద్రపోయింది, ఎన్నిసార్లు లేచింది, దేనివల్ల లేచింది, అన్నీ గళ్లే. పైన ఇలా రాసింది: 'రాత్రంతా రోగుల్ని చూసే మనిషి ఈ గోడ వెనక తొమ్మిది నుంచి మూడు దాకా నిద్రపోతుంది.' పక్కనే దారం కట్టిన పెన్ను. కొంతమంది చదివి పెట్టెలు చేత్తో మోసుకెళ్లారు. ఒకావిడ 'క్షమించండి, మా పిల్లాడు గంతులేశాడు' అని రాసింది. మిగతావాళ్లకి చెవిటివాడి ముందు శంఖమే. పనమ్మాయి మూడు దాటాకే వస్తానంది గానీ, నవ్వులబాబు ఒప్పుకోలేదు. మూడు వారాలు గడిచినా నిద్ర నాలుగు గంటలు దాటలేదు.

ఇక లాభం లేదని బిల్డింగు సంఘం మీటింగు పెట్టించింది. ఇరవై ఒక్క చార్టులూ బల్లమీద పరిచింది. నవ్వులబాబు అవి తిరగేసి తిరగేసి, మరింత నవ్వాడు.

"చదవమంటారా పెద్దమ్మగారూ? పదిన్నర, అత్తయ్య ఫోను. పన్నెండుంపావు, అత్తయ్య సీరియలు. రెండు, అత్తయ్య గిన్నెలు. గురివింద తన కింద నలుపు ఎరగదంటే ఇదే కదండీ?"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఒక్క రోజులూ నా పేరుంది. కోడలు గళ్లలో ఏం రాస్తోందో నేనొక్కనాడూ చూడలేదు. ఒక్కరోజు కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. కోడలి వైపు చూశాను. తను తల దించుకోలేదు. "చార్టులో అబద్ధం రాయకూడదు అత్తయ్యా" అంది, నాకు మాత్రమే వినపడేలా.

ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలిస్తేగా. లేచి నిలబడ్డాను.

"నిజమే. ఆ మోత నాదే. నా ఫోను, నా సీరియలు, నా గిన్నెలు, రేపట్నుంచి మూడింటిదాకా బంద్. అరవై ఎనిమిదేళ్లదాన్ని, నలుగురిలో ఒప్పుకున్నాను. నావి మూడూ చదివేశావుగా బాబూ, ఇక మిగిలినవి ఎవరివో అవి కూడా పైకి చదువు."

నవ్వులబాబు చేతిలో కాగితాలు మడవబోయాడు. సంఘం సెక్రటరీ లాక్కుని చదివాడు. బెల్లు, డబ్బా, మంచం, పెట్టె, బెల్లు, బెల్లు. రెండో వారం చదివేసరికి నవ్వేవాళ్లు లేరు. తాళాల డబ్బా కింద గేటు దగ్గరికి మార్చాలనీ, దిగేవాళ్లయినా తుడిచేవాళ్లయినా మూడు దాటాకే రావాలనీ చేతులెత్తించారు. నవ్వులబాబు చెయ్యి అందరికంటే ఆఖర్న లేచింది.

గడువు ఇంకా తొమ్మిది రోజులే. నేను ఫోను గొంతు నొక్కేసి, తొమ్మిదింటికల్లా గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. పెట్టెతో ఎవరు కనపడ్డా వేలు పెదాలమీద పెట్టేదాన్ని. నిద్ర ఐదు గంటలైంది, ఐదున్నరైంది, చివరి మూడు రోజులూ మూడున్నరకి గానీ లేవలేదు, ఆరు దాటింది. పెద్ద నర్సు చార్టు చూసి, ఐసీయూ డ్యూటీ పట్టీలో మా కోడలి పేరు రాసిందట.

ఆ ఆఖరి రోజు చార్టు మాత్రం నేను అడిగి ఉంచుకున్నాను. 'దేనివల్ల' అన్న గడిలో మా కోడలు ఇలా రాసింది: 'పన్నెండింటికి ఒకసారి లేచాను. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటే అత్తయ్యకేమైందోనని భయమేసింది. బయట కుర్చీలోనే నిద్రపోతున్నారు. నాడి చూశాను. డెబ్బై ఆరు. బాగుంది.'