పూతరేకుల తర్వాత షాంపేన్

1999లో నేను రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక హోటల్లో కెప్టెన్‌ని. మా రంగంలో కెప్టెన్ అంటే సర్వర్లకు పెద్ద; ఏ టేబుల్‌కి ఏది ఎప్పుడు వెళ్లాలో చెప్పేవాడు. ఓడ కెప్టెన్‌కుండే గౌరవం మాకు ఇంట్లో కూడా దక్కదు గానీ, ఓడ మునిగితే మాత్రం మాట పడేది మేమే.

ఒక సోమవారం పొద్దున్న మొగల్తూరు వైపు నుంచి ఒక రాజుగారు కారులో వచ్చారు. రొయ్యల చెరువుల రైతు. తెగులొచ్చి వరసగా రెండు పంటలు పోయాయి. మిగిలింది ఏజెంటు చెప్పిన రేటుకే ఇచ్చుకోవాల్సి వస్తోంది. అందుకని మరో పదిమంది రైతులను కూడగట్టి, సరుకు నేరుగా విదేశాలకు పంపాలని చూస్తున్నారు. ఫ్రాన్సు నుంచి కొనేవాడొకాయన ఆ మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు. ఆయన సరేనంటే పదకొండు కుటుంబాలు గట్టెక్కుతాయి, కాదంటే మళ్లీ ఏజెంటు గుమ్మమే.

రాజుగారు ఐసు పెట్టెలో తన చెరువు రొయ్యలు తెచ్చారు. సంచిలోంచి తువ్వాలు చుట్టిన సీసా ఒకటి తీశారు. సింగపూర్ వెళ్లిన బంధువుచేత తెప్పించిన షాంపేన్.

“వాళ్ల దేశం సరుకేనటండి. ఎలా ఇవ్వాలో నాకు తెలీదు. మర్యాదకి లోటు రాకూడదు, అంతే. నాకు ఇంగ్లీషు రాదు, మాటలు కూడా మీరే అటూ ఇటూ చెప్పాలి.”

“మీరు నిశ్చింతగా ఉండండి,” అన్నాను. హోటల్ కోర్సులో షాంపేన్ గురించి రెండు పేజీలు చదివాను. రుచి మాత్రం ఎరగను.

లేబుల్ మీద ‘బ్రూట్’ అని ఉంది. తీపి దాదాపు లేని రకమని అర్థం. చూశాను, పట్టించుకోలేదు. సీసాను ఐసు నీళ్లలో చల్లబరిచాను, చప్పుడు కాకుండా కార్క్ తీశాను, ఫ్లూట్ అనే సన్నటి పొడవాటి గ్లాసుల్లో ముప్పాతిక దాకా పోశాను. గ్లాసు నిండలేదని రాజుగారు ఇబ్బందిగా కదిలారు. అంతా పుస్తకం ప్రకారమే చేశాను, ఒక్కటి తప్ప. మన వైపు విందంటే ముందు నోరు తీపి చేయాలి. ఎవరూ అడక్కుండానే ఆత్రేయపురం పూతరేకులు పెట్టించాను. అతిథి ఇష్టంగా రెండు తిన్నాడు. రాజుగారూ తిన్నారు.

తర్వాత ఇద్దరూ గ్లాసులెత్తారు. అతిథి ఒక్క గుక్క తాగి, కనుబొమలు ముడిచి గ్లాసు దించేశాడు. రాజుగారూ గుక్క తాగి చూశారు.

“చెడిపోయిందండీ,” నా వైపు వంగి అన్నారు. “ఒట్టి పులుపు. కారులో వేడికి పాడై ఉంటుంది. తప్పు నాదే.”

అప్పుడు వెలిగింది నాకు. లడ్డూ తిని టీ తాగితే పంచదార వేయలేదనిపిస్తుంది. ఇదీ అంతే. సీసా బాగానే ఉంది. చెడగొట్టింది నా పూతరేకు.

ఒకరికి ఇంగ్లీషు రాదు, ఇంకొకరికి తెలుగు రాదు, మధ్యలో ఉన్నది నేను. అవును, చెడిపోయిందంటే అక్కడితో సరి. అనాలనే అనిపించింది, దాచను. కానీ ఒక్క సీసాను వేడి తగలకుండా తేలేనివాడు రొయ్యలను ఐసులో సముద్రం దాటిస్తానంటే ఎవరు నమ్ముతారు?

“సీసా మంచిదేనండి. ముందు తీపి పెట్టి నేనే పాడుచేశాను,” అన్నాను. అదే మాట ఇంగ్లీషులో అతిథికీ చెప్పాను. 

ఆయన మంచినీళ్లడిగి, ఉప్పగా ఏదైనా ఉందా అన్నాడు. రాజుగారి రొయ్యల వేపుడు, కారం తగ్గించి చేయించింది, సిద్ధంగానే ఉంది. రెండు రొయ్యలు తిని మళ్లీ గ్లాసెత్తాడు. ఈసారి దించలేదు.

“ఈ షాంపేన్ కంపెనీ పెట్టినాయన ద్రాక్ష రైతు,” అన్నాడు. నేను తెలుగులో చెబుతూ పోయాను. “కొనేవాళ్లు రేటు తెగ్గోస్తే, పంట అమ్మడం మానేసి తన నేలమాళిగలోనే వైన్ చేసుకున్నాడు. సుద్దనేల, చలిప్రాంతం, అందుకే ఈ పులుపు. సీసాలోనే రెండోసారి పులియబెట్టి, ఏళ్ల తరబడి ఉంచుతారు. బుడగలూ, ఈ రొట్టె వాసనా అలా వచ్చినవే. తీపి కలిపితే లోపాలు కనబడవు. వీళ్లు దాదాపు కలపరు.”

రాజుగారు గ్లాసును వెలుగుకెత్తి బుడగలు చూశారు. “పంట అమ్మకుండా ఆపుకున్న ఏడు ఆయన ఇల్లెలా గడిచిందో అడగండి.”

అడిగాను. అది తెలియదట, మూడేళ్ల దాకా ఒక్క సీసా కూడా బయటికి రాలేదని మాత్రం విన్నాడట.

“మా రొయ్య మూడు రోజులు కూడా ఆగదని చెప్పండి.”

అతిథి నవ్వాడు. వెళ్లే ముందు, ముందుగా ఒక లోడు పంపమన్నాడు. సరుకు చూశాకే ఒప్పందం. ఆ లోడు చెడకుండా చేరిందని, ఒప్పందం కుదిరిందని తర్వాత తెలిసింది.

ఆ రోజు మెట్ల దగ్గర రాజుగారు ఆగారు. “చెడిపోయిందని మీరన్నా నేను నమ్మేవాణ్ణి కదండీ.”

“నమ్మేవారండి.”

ఆయన తలూపి, సీసాలో మిగిలింది నన్ను తాగమని చెప్పి వెళ్లారు. వంటింట్లో నిలబడి తాగాను, పూతరేకు ముట్టకుండా. పుల్లగా, శుభ్రంగా ఉంది.

ఏ టేబుల్ దగ్గర ఎవరు ‘ఇది బాలేదు’ అన్నా, సరుకునీ వంటవాణ్ణీ అనుమానించే ముందు దానికంటే ముందు నేనేం పెట్టానో గుర్తుచేసుకుంటాను. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.