చేతిలో గిటారు లేనివాడు

నేను రైళ్ళవెంటా నదులవెంటా సగం దేశం తిరిగి, చివరికి యాజూ నది ఒడ్డున ఒజెల్లా పింక్‌స్టన్ పక్కింట్లో చతికిలబడ్డవాణ్ణి. కాలు నిలవని జబ్బు చూడగానే గుర్తుపడతాను. ఒజెల్లాది కూడా ఆ జబ్బే. కాకపోతే ఆమెకి ఊళ్ళు అక్కర్లేదు, ఒక ముఖం కావాలి. తండ్రి ఎజ్రా ఊరూరా గిటారు వాయించి, మా నల్లవాళ్ళ దిగులు పాటలు, బ్లూస్, పాడేవాడు. ఆమె కడుపులో ఉండగానే వెళ్ళిపోయాడు. తల్లి బతికున్నన్నాళ్ళూ అతని ఊసెత్తనివ్వలేదు.

ఆ వేసవిలో, ఊళ్ళో ఎప్పుడో మూతబడ్డ ఫోటో స్టూడియోవాళ్ళ ముసలావిడ పాత ఫోటోల పెట్టెలు వరండాలోకి గెంటించింది. ఒజెల్లా గిటారు పట్టుకున్నవాళ్ళని మాత్రమే ఏరి, వాళ్ళలో ఒకణ్ణి ఎంచుకుంది. తెల్ల సూటు, సన్నమీసం, ఒళ్ళో గిటారు, దానిమీద ఈతచెట్టు బొమ్మ. “నా ముక్కే” అంది. మిగతా పెట్టెలు అక్కడే వదిలేసింది.

ఇక ఆ ఫోటోతో ముసలివాళ్ళ గడపలన్నీ తొక్కించింది. కారు నాది. “ఎజ్రాలాగే ఉన్నాడమ్మా” అనేవాళ్ళు అందరూ. మావాళ్ళకి ఆ మర్యాద ఉంది, ఆశపడి వచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పంపరు. అంతమంది అవునంటుంటే ఆమెకి అనుమానం పెరిగింది. చివరికి, తల్లి పోయేదాకా ఆమెతో మాటలు మానేసి ఉన్న పెద్దమ్మ లువీనియా దగ్గరికి వెళ్ళాం.

పెద్దమ్మ అరుగుమీద అలసందలు ఒలుస్తోంది. ఫోటోని చెయ్యంత దూరంలో పట్టుకుని చూసింది.

“వీడు హోసీ. మంగలి. కత్తెర తప్ప ఏదీ వాయించలేదే పిల్లా.”

“చేతిలో గిటారుందిగా?”

“అది స్టూడియోవాళ్ళది. సూటూ వాళ్ళదే. ఊళ్ళో సగంమంది మగాళ్ళు ఆ ఈతచెట్టుని ఒళ్ళో పెట్టుకున్నారు. మా ఆయనైతే తలకిందులుగా.”

“మరి మా నాన్న?”

“నిజంగా వాయించేవాడు గిటారుతో ఫోటో ఎందుకు దిగుతాడే? ఆ ఫోటో వెళ్ళేది వాడి అమ్మ దగ్గరికి. ఆవిడ చర్చిలో ముందు వరసలో కూర్చుని బ్లూస్ దెయ్యం పాటంటుంది. అందుకని పాటగాళ్ళంతా గిటారు గుమ్మం బయటపెట్టి, మోకాలిమీద టోపీ పెట్టుకుని, వెన్న తినని పిల్లుల్లా కూర్చునేవాళ్ళు.”

ఒజెల్లా అప్పటికే లేచింది. “కారు తియ్యి అన్నా.”

“రొట్టె కాలుతోంది, తిని పోవే.”

“చేతిలో పెట్టు. దార్లో తింటా.”

ఫోటోలకోసం మనుషులు వేసే వేషాలు నేను చాలా చూశాను. న్యూ ఆర్లీన్స్‌లో ఒకడు, నీళ్ళంటే వణికేవాడు, అట్టపడవలో నావికుడిలా నిలబడి పెళ్ళికూతురికి ఫోటో పంపాడు. అదే చెప్పబోతే, “నీ కథ తర్వాత, ముందా లారీని దాటు” అంది.

ముసలావిడ వరండాలో పెట్టెలు బోర్లించాం. అందరూ టోపీల మనుషులే. కదిలితే బొమ్మ చెడుతుందని కాబోలు, గుంజల్లా బిగుసుకుని ఉన్నారు. ఒజెల్లా చకచకా తీసి పక్కన పడేస్తూ, ఒకచోట ఆగింది. ముఖం స్పష్టంగా ఉంది. మోకాలిమీది ఎడమచేతి వేళ్ళు మాత్రం పొగలా చెదిరిపోయాయి. ఫోటో తీస్తున్నంతసేపూ ఆ వేళ్ళు కదులుతూనే ఉన్నాయన్నమాట.

వెనక్కి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. పెద్దమ్మ ఈసారి ఫోటోని దూరంగా పట్టుకోలేదు.

“ఎజ్రా” అంది. “నిద్రలో కూడా ఆ వేళ్ళు మీ అమ్మ వీపుమీద ఆడేవట. మా మాటలు చెడకముందు నాతో అది చెప్పుకునే ఏడ్చేది.”

“ముక్కు నాది కాదే.”

“చెవులు నీవేగా. చేటలు.”

ఒజెల్లా చెవులు తడుముకుంది. “మంగలే అందగాడు” అని, ఫోటోని గౌను లోపలికి, గుండెకి ఆనించి దోపుకుంది. కాసేపు రోడ్డుకేసి చూసింది.

“ఇది దిగాక ఎటు వెళ్ళాడు పెద్దమ్మా?”

“పెద్ద నది దాటి, హెలీనా ఊరి వైపన్నారు.”

ఒజెల్లా నావైపు తిరిగింది. “పెట్రోలు ఎంతుంది?”