పోశాలన్న నమ్మిన పేపరు

మా పోశాలన్న అచ్చులో ఉన్నదేదైనా నమ్మేవాడు. అచ్చులో లేనిది కళ్లముందు జరిగినా నమ్మేవాడు కాదు. బందరులో తుఫానని చదివితే జనగామ ఎండలో తలుపులు బిగించుకునేవాడు.

స్టేషన్ రోడ్డులో ఆయనది సైకిళ్ల దుకాణం, పక్కనే నా కుట్టుమిషను. పొద్దున్నే పేపర్లో పెద్ద అక్షరాలు మాత్రం గట్టిగా చదివేవాడు. చిన్న అక్షరాల దాకా పోయే ఓపిక ఆయనకూ లేదు, వినే మాకూ లేదు. ఎవరైనా "గట్ల కాదేమో అన్నా" అంటే వాళ్ల సైకిలుకు ఆ రోజు గాలి దొరికేది కాదు. చివరికి తలాడించే నలుగురమే మిగిలాం. మేం తలాడిస్తే, "ఊరంత గిదే అంటున్నది" అనేవాడు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచాక ఆ పెద్ద అక్షరాలు మరీ పెద్దవయ్యాయి. కాల్పులు, కర్ఫ్యూ. రోడ్డు మీద కాలిన టైర్ల వాసన పోయేది కాదు. ఎదురింట్లో తెనాలి నుంచి వచ్చిన రైల్వే గుమాస్తా, ఆయన భార్య అహల్య అద్దెకుండేవాళ్లు. వాళ్లకు వేరే పేపరు వచ్చేది. ఎక్కడో ఎవరింట్లోనో కత్తులు దొరికాయని మా పేపర్లో వచ్చింది. సాయంత్రానికి మా నలుగురిలో ఒకడైన బిక్షం ఆ కత్తుల్ని మాటల్లోనే ఎదురింటికి చేర్చాడు. ఆ తర్వాత మేం అటు చూడలేదు. వాళ్ల కిటికీ తెరుచుకోలేదు.

బంద్ నాడు గుమాస్తా కాజీపేటలో చిక్కుకుపోయాడు. మధ్యాహ్నం ఎదురింట్లోంచి మూలుగు వినిపించింది. అహల్యకు నెలలు నిండాయని అందరికీ తెలుసు. చౌరస్తాలో నినాదాలు. నేను మిషను దగ్గర్నుంచి లేవలేదు. నేనూ ఆ పేపరే వినేవాణ్ణి.

పోశాలన్న లేచాడు.

"కత్తులున్నయన్నా, నమ్మవా?" అన్నాడు బిక్షం.

"ఎందుకు నమ్మ? ఉన్నయి. కానీ ఆ బిడ్డ ఒక్కతే ఉన్నది."

రోడ్డు దాటి, తలుపుకు గజం దూరంలో నిలబడ్డాడు. "అమ్మా, మీ ఇంట్ల కత్తులున్నయట. జర పక్కకు పెట్టి తలుపు తియ్యి. దవాఖానకు పోదం."

"మీరు మా ఇళ్లు తగలబెడుతున్నారట కదండీ?" లోపల్నుంచి ఏడుపు గొంతు.

"మా పేపర్ల గట్ల రాలేదమ్మా."

"మా పేపర్లో కత్తుల సంగతి రాలేదండీ."

ఇద్దరూ కాసేపు ఆలోచించినట్టున్నారు. గడియ చప్పుడైంది.

లోపల ఒక్క కత్తిపీట ఉంది. పోశాలన్న దాన్ని చూసి అడుగు వెనక్కి వేసి, మళ్లీ లోపలికి వెళ్లాడు. అప్పుడు నాకు సిగ్గేసి, రిక్షా కోసం పరుగెత్తాను.

వాళ్లిద్దరూ రిక్షా ఎక్కితే నేను చౌరస్తా దాకా వెంట నడిచాను. అక్కడ గుంపు అడ్డం నిలిచింది. "ఎవలు?"

"నా చెల్లె. కాన్పుకు తీస్కపోతున్న."

అంతలో అహల్య, "ఇంకెంత దూరమండీ?" అంది. ఆ "అండీ" వినగానే గుంపు రిక్షా చుట్టూ మూగింది.

"తెనాలిల సదువుకున్నది," అన్నాడు పోశాలన్న, చెమటలు కక్కుతూ.

ముందున్న కుర్రాడు ఆయన మొహం చూశాడు, రిక్షాలోకి చూశాడు. వంగి రోడ్డుకు అడ్డం పెట్టిన రాళ్లు తీశాడు.

పొద్దుగుంకే వేళకు పోశాలన్న తిరిగొచ్చాడు. బిక్షం ఎదురెళ్లి, "ఏంది సంగతి? రేడియోల ఏమన్న చెప్పిన్రా?" అన్నాడు.

"జనగామల ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ మంచిగున్నరు," అన్నాడు పోశాలన్న. "గిది ఏ పేపర్ల రాలేదు. నేనే సూసిన."